పిల్లల ఆటలో ఫోను
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పిల్లల చేతికి ఫోను ఈయవచ్చునా యను తగవు నేడు ప్రతి రచ్చబండ కడను వినవచ్చుచున్నది. రెండేండ్లు నిండని శిశువులను తెర ముందు కూర్చుండబెట్టరాదనియు, నాలుగేండ్ల వరకు దినమునకు ఒక గంట మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది. వారు వలదన్నది కదలక కూర్చుండి చూచుటను. మన బడిపిల్లల విషయమునను నా ఆందోళన అదియే.

కాని ఫోను చూచుటకు మాత్రమే కాదు. దానిని అడ్డముగ త్రిప్పిన తెరమీది బొమ్మయు తిరుగుచున్నది గదా! వంపును, కుదుపును గుర్తెరుగు సూక్ష్మ సాధనములు లోపల ఉండుటయే అందుకు కారణము. జర్మనీలోని ఆకెన్ సాంకేతిక విశ్వవిద్యాలయమువారు 2016లో ఫైఫాక్స్ అను ఉచిత యాపును వెలువరించి, ఈ సాధనములతో ప్రయోగములు చేయు వీలు కల్పించిరి.

ఫోనును గుడ్డసంచిలో కదలకుండ కట్టి, వేపకొమ్మకు వ్రేలాడదీసి మెల్లగ ఊపుడు. ఊపునకు పట్టు కాలమును యాపే లెక్కించును. కొమ్మనుండి సంచి నడిమి వరకు ఒక మీటరున్నచో పోయి వచ్చుటకు ఇంచుమించు 2 సెకండ్లు. పావు మీటరైనచో 1 సెకండు. పొడవు నాలుగవ వంతైనను కాలము సగమే ఏల తగ్గినదని పిల్లలడుగుదురు. ఉపాధ్యాయుడు వెంటనే చెప్పివేయకుండిన మేలు. ఫోను ప్రక్కన ఇసుకమూట చేర్చిన వేగముగ ఊగునని కొందరు పందెము కట్టుదురు. వారు ఓడుదురు, కాలము దాదాపు మారదు.

గుండ్రని డబ్బాలో గుడ్డలు కుక్కి, ఫోనును బిగించి, వాలుపై దొర్లింపవచ్చును. డబ్బా వ్యాసార్ధమును పిల్లలే కొలిచి యాపునకు తెలిపినచో, అది దొర్లిన వేగమును చూపును. ఏ యాపును లేకున్నను, అలారము పెట్టి దాచిన ఫోనును చెవితో వెదకుట మంచి దాగుడుమూతయే. బోర్లించిన కంచముపై ఫోను వణకునపుడు పుట్టు మ్రోతకు పసివారు నవ్వుట చూడవలసినదే.

ఇందు పంచాయతీ పని యేమి? కూలికి పోవు తల్లికి ఫోను ఒక్కటే యుండును. అది పగిలిన ఆమె నష్టము చిన్నది కాదు. పిల్లలను ఇంటినుండి ఫోను తెమ్మనుట తగదు. ఒకే ఫోనున్న యింట అది మొదట మగపిల్లవాని చేతికే పోవుట కద్దు; సభలోని సోదరీమణులకు నేను చెప్పనక్కరలేదు. కనుక ఊరిలో మూలబడిన పాత ఫోనులను రెండు మూడింటిని సేకరించి బడికిండు. సిమ్ము తీసి, బ్యాంకు వివరములను, ఫోటోలను తుడిచివేయవలెను. యాపును ముందే ఎక్కించినచో ఆటవేళ ఇంటర్నెట్టు అక్కరలేదు. తిరుగుడును కొలుచు సాధనము కొన్ని చౌక ఫోనులలో ఉండదు. అది లేనిచో ఊపుటయు, దొర్లించుటయు సాగవు గనుక యాపు తెరచి చూచి మరీ తీసికొనుడు. బ్యాటరీ ఉబ్బినదానిని మాత్రము ఎవరిచ్చినను పుచ్చుకొనవలదు. వంతులు వేయునపుడు బాలికలకును సమానముగ వచ్చునట్లు ఉపాధ్యాయులతో ముందే మాటాడుడు. తాడు, సంచి, డబ్బా మీ యూరిలోనే కలవు.