ఆడపిల్లల జట్టు: గుర్రాల నుంచి జడకోలాటం దాకా
(మండవల్లిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కిశోర బాలికల జట్ల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. గుర్రాలతో మొదలుపెడతానంటే నిర్వాహకులు కాస్త కంగారు పడ్డారు. కొల్లేటి పక్కన పుట్టి పెరిగినవాళ్ళకు బాగా తెలిసిన గుర్రం గుర్రపుడెక్క ఒక్కటే కదా! అదీ కాకపోతే దేవుడి ఊరేగింపులో కొయ్యగుర్రం. స్వారీ డబ్బున్నవాళ్ళ వ్యవహారం, మనకెందుకు అని మీలో కొందరికి అనిపిస్తూ వుండొచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే, దాని దగ్గరికి వస్తాను.

గుర్రాల మీద జట్టుగా చేసే ఒక ప్రదర్శన వుంది. దాన్ని క్వాడ్రిల్ అంటారు. నలుగురో, ఎనిమిదిమందో, ఇంకా ఎక్కువమందో సంగీతానికి అనుగుణంగా గుర్రాలను నడిపిస్తూ జంటలుగా విడిపోతారు, ఎదురెదురుగా వచ్చి దాటుకుంటారు, చక్రంలా తిరుగుతారు, మళ్ళీ ఒకే వరసలో నిలబడతారు. పూర్వం ఐరోపా రాజుల కొలువుల్లో నాలుగు దళాలుగా విడిపోయిన ఆశ్వికుల విన్యాసాల నుంచి ఈ పేరు వచ్చింది. 1662లో ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ పారిస్‌లో ఇలాంటి పెద్ద ఉత్సవం జరిపించాడు. తన అధికారాన్ని జనానికి చూపించుకోవడమే దాని ఉద్దేశం. గుర్రాల మీద మగవాళ్ళు, చుట్టూ కూర్చుని చూసేది ఆడవాళ్ళు. ఆ తర్వాత మూడు వందల ఏళ్ళపాటు ఈ పంపకం పెద్దగా మారలేదు.

ఎంత నెమ్మదిగా మారిందో కొన్ని సంవత్సరాలు చెబుతాను. ఒలింపిక్స్ స్వారీ పోటీల్లోకి ఆడవాళ్ళను మొదట రానిచ్చింది 1952లో, అదీ డ్రెస్సాజ్ అనే ఒక్క విభాగంలోకి. ఆ ఏడే డెన్మార్కుకు చెందిన లిస్ హార్టెల్ వెండిపతకం గెలిచింది. పోలియో వల్ల ఆమెకు మోకాళ్ళ కింద కాళ్ళు పనిచెయ్యవు. గుర్రమెక్కడానికీ దిగడానికీ మరొకరి సాయం కావాలి. ఎక్కాక మాత్రం సైన్యాధికారులతో సమానంగా పోటీపడింది. కెనడాలో పోలీసు దళం వాళ్ళు ముప్ఫై ఇద్దరు ఆశ్వికులతో చేసే ప్రదర్శన ప్రపంచమంతటా పేరు పొందింది. ఆ దళంలోకి స్త్రీలను 1974లో తీసుకున్నారు, ప్రదర్శనలోకి రానివ్వడానికి 1981 దాకా పట్టింది. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూలు చరిత్ర 1572 నుంచి మొదలవుతుంది. అక్కడ స్వారీ శిక్షణకు మొదటిసారి ఇద్దరు ఆడపిల్లలను చేర్చుకున్నది 2008లో. నాలుగు వందల ముప్ఫై ఆరేళ్ళు! ఆడవాళ్ళకు గుర్రమెక్కే బలం లేదన్న మాట అబద్ధమని అన్నేళ్ళూ గుర్రాలకు తెలుసు, మనుషులకే తెలియలేదు.

ఇవాళ ఆ దేశాల్లో స్వారీ నేర్చుకునే పిల్లల్లో ఎక్కువమంది ఆడపిల్లలే. పది పన్నెండేళ్ళ పిల్లలు జట్టుగా క్వాడ్రిల్‌కు ఎలా తయారవుతారో కాస్త వివరంగా చెప్పాలి. మనకు పనికొచ్చే విషయం అందులోనే వుంది.

మొదట గుర్రాలుండవు. కాగితం మీద మైదానం గీసుకుంటారు. ఇరవై మీటర్ల వెడల్పు, నలభై లేదా అరవై మీటర్ల పొడవు, అంచుల వెంట గుర్తుకోసం అక్షరాలు. ఎవరు ఎక్కడ మలుపు తిరగాలో ఆ బొమ్మ మీద గీతలు గీస్తారు. తర్వాత పిల్లలు గుర్రాల్లేకుండా కాళ్ళతోనే ఆ దారులన్నీ నడుస్తారు. చూసేవాళ్ళకు నవ్వొస్తుంది గానీ, తికమకలు ఎక్కువ భాగం తేలిపోయేది ఇక్కడే. ఎదురెదురుగా వస్తే ఎడమచెయ్యి ఎడమచేతి వైపు వుండేలా దాటాలన్న నియమం నోటితో వందసార్లు చెప్పినా ఎక్కదు, నాలుగుసార్లు నడిస్తే వస్తుంది.

ఆ తర్వాత జోడీలు కట్టడం. పిల్లల స్నేహాలను బట్టి కాదు, గుర్రాల అడుగుని బట్టి కడతారు. పొడుగు అంగ వేసే గుర్రం పక్కన పొట్టి అంగ గుర్రాన్ని పెడితే రెండూ ఇబ్బంది పడతాయి. పక్కన గుర్రం వుంటే ఓర్చుకోలేనివి కొన్ని వుంటాయి. తన్నే గుర్రం తోకకు ఎర్ర రిబ్బను కడతారు, వెనకవాళ్ళు దూరంగా వుండాలని. ముందు గుర్రానికీ వెనక గుర్రానికీ మధ్య ఒక గుర్రమంత ఖాళీ వదలాలి. ఇవన్నీ కుదిరేదాకా నడకే. నడక కుదిరాకే పరుగు.

అన్నిటికన్నా కష్టమైంది చక్రం తిరగడం. నలుగురు పక్కపక్కనే ఒకే గీతలో వుండి తిరగాలి. లోపలి అంచున వున్న పిల్ల దాదాపు నిలబడినచోటే అడుగులేస్తూ వుండాలి. వెలుపలి అంచున వున్న పిల్లకు దారి చాలా పొడుగు, ఆమె వేగం పెంచాలి. లోపలి పిల్ల ఆగకపోతే వెలుపలి పిల్ల ఎంత తోలినా అందుకోలేదు. అందుకని జట్టు వేగాన్ని అందరికన్నా చురుకైన గుర్రాన్ని బట్టి నిర్ణయించరు. వెలుపలి దారిలో వున్న గుర్రం ఎంత వేగంగా రాగలదో, దాన్ని బట్టి లోపలివాళ్ళు తమ వేగాన్ని తగ్గించుకుంటారు. ఎవరైనా కింద పడితే అందరూ ఆగుతారు. ఒక పిల్ల రాకపోతే జోడీ విరిగిపోతుంది, బొమ్మంతా మళ్ళీ గీసుకోవాలి.

మరో రకం జట్టుతో పోల్చి చూడండి. 2023 సెప్టెంబరులో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మన దేశపు డ్రెస్సాజ్ జట్టు బంగారు పతకం గెలిచింది. 1982 ఢిల్లీ క్రీడల తర్వాత, 41 ఏళ్ళకు, స్వారీలో మనకు వచ్చిన బంగారం అది. నలుగురున్న ఆ జట్టులో ఇద్దరు ఆడపిల్లలు, సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్. అక్కడ ఒక్కొక్కరూ విడివిడిగా స్వారీ చేస్తారు, నలుగురి మార్కుల్లో మంచివి మూడు కలుపుతారు. నాలుగో మార్కు లెక్కలోకి రాదు, పతకం మాత్రం నలుగురికీ ఇస్తారు. అది మంచి పద్ధతే. క్వాడ్రిల్‌లో ఆ వెసులుబాటు కూడా లేదు. ఒకరిని తీసేసి లెక్క కట్టడం కుదరదు.

ఇక మెక్సికో సంగతి. అక్కడ ఎస్కరాముసా అనే క్వాడ్రిల్ వుంది. ఎనిమిదిమంది ఆడవాళ్ళు గుర్రాల మీద దౌడు తీస్తూ, ఒకరి మధ్యలోంచి ఒకరు వెంట్రుకవాసిలో దాటుతూ చేసే విన్యాసం. 1950లలో మొదలైంది. చూస్తే గుండె ఆగుతుంది. కానీ వాళ్ళు కూర్చునేది రెండు కాళ్ళూ ఒకే పక్కకు వేసి. కుడికాలు చెయ్యాల్సిన పని బెత్తంతో చెయ్యాలి. పైన ఒంటినిండా కుచ్చుల గౌను. ఆ గౌను, టోపీ, నగలు నియమం ప్రకారం వున్నాయో లేదో చూసి మరీ మార్కులు తీసేస్తారు. సంప్రదాయ పోటీల్లో మిగతా అంశాలన్నీ మగవాళ్ళవి, ఆడవాళ్ళకున్నది ఇదొక్కటే. సంప్రదాయానికి గౌరవంగా యునెస్కో 2016లో ఆ క్రీడలను తన జాబితాలో చేర్చింది కూడా.

ఇది మనకు కొత్తేమీ కాదు. స్కూటరు వెనక చీరతో ఒకపక్కకు కూర్చునే మనందరికీ ఆ ఎనిమిదిమంది నడుముల నొప్పి తెలుసు. మన చట్టం చీర చిక్కుకోకుండా చక్రానికి గార్డు పెట్టమంది. ఆడది ఒకపక్కకే ఎందుకు కూర్చోవాలని మాత్రం ఎవరూ అడగలేదు. ఎస్కరాముసా పిల్లల నైపుణ్యాన్ని నేను తక్కువ చెయ్యడం లేదు. ఇచ్చిన ఇరుకులోనే అంత చేసినవాళ్ళు, ఇరుకు లేకపోతే ఇంకెంత చేసేవాళ్ళో అని మాత్రం అంటున్నాను.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. గుర్రం ధనవంతులదే, కాదనను. మన దేశంలో అది కులానిది కూడా. దళిత పెళ్ళికొడుకు గుర్రమెక్కాడని రాజస్థాన్‌లో, గుజరాత్‌లో దాడులు జరిగిన సంగతి పేపర్లలో చదువుతూనే వున్నాం. వాహనం ఎక్కడమంటే తల ఎత్తడం, అందుకే ఎవరెక్కాలన్న దాని మీద ఇంత గొడవ. 1991లో పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతోపాటు వేలాదిమంది స్త్రీలు సైకిలు నేర్చుకున్నప్పుడు ఎన్ని వెకిలి మాటలు పడ్డారో పాత కార్యకర్తలకు గుర్తుండే వుంటుంది. ప్రభుత్వ ఉద్యోగంలో అయితే గుర్రం దొరుకుతోంది. హైదరాబాదు పోలీసు అకాడమీలో ఐపీఎస్ శిక్షణ పొందే ఆడపిల్లలూ స్వారీ నేర్చుకుంటారు. 2023 గణతంత్ర దినాన సరిహద్దు భద్రతా దళం ఒంటెల వరసలో మొదటిసారి స్త్రీలు కనబడ్డారు. అయితే ఒంటె మీద కూర్చున్న ఆ పిల్ల అక్కడికి చేరడానికి ముందు ఏదో ఒక బడి మైదానంలో, ఏదో ఒక జట్టులో నిలబడి వుంటుంది. మన పని ఆ మైదానం దగ్గర.

మన దగ్గర గుర్రాల్లేవు, కోలలున్నాయి. జడకోలాటం క్వాడ్రిల్‌కు ఏమాత్రం తీసిపోదు. పైనుంచి వేలాడే తాళ్ళు పట్టుకుని లోపలి వరస ఒకవైపు, బయటి వరస మరోవైపు తిరుగుతూ జడ అల్లుతారు, అల్లినదాన్ని అవే అడుగులు వెనక్కి వేసి విప్పుతారు. ఇక్కడా సరిసంఖ్య వుండాలి, ఇక్కడా బయటివాళ్ళకు దారెక్కువ. ఊరూరా ఆడవాళ్ళ కోలాట బృందాలు తయారవుతున్నాయి. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు మీరంతా వెళ్ళేవాళ్ళే, మీకు నేను చెప్పాలా.

ఇటువైపే ఒక పల్లెలో పన్నెండుమంది ఆడపిల్లలు పండక్కి జడకోలాటం నేర్చుకుంటున్నారు. ప్రదర్శన రెండు వారాలుందనగా తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె రావడం మానేసింది. నేర్పే మాస్టారు ఆ తాడుని గుంజకు కట్టేసి మిగిలిన పదకొండుమందితో ఆడించాడు. జడ ఒకపక్కకు లాగేసింది. మాస్టారు వేరే పిల్లను తెస్తానన్నాడు. పిల్లలు ఒప్పుకోలేదు. పదకొండుమందీ కలిసి ఆ ఇంటికి వెళ్ళారు. "పిన్నీ, పండగయ్యేదాకా పంపించు, మళ్ళీ మేమే ఇంటిదగ్గర దింపుతాం" అని అడిగారు. తల్లి మాట్లాడలేదు. తండ్రి బయటికొచ్చి, "దానికి సంబంధం కుదిరిందమ్మా, ఇంక గెంతులేం బాగుంటాయి" అన్నాడు. పెళ్ళి సంగతి ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ అప్పటికే తెలుసు. మన కార్యకర్తకు తెలిసింది మాత్రం తాడు ఖాళీగా వేలాడబట్టి. అధికారుల దాకా వెళ్ళి, పెళ్ళి ఆపించారు. ఆ పిల్ల పదో తరగతికి వచ్చింది. కోలాటానికి మాత్రం పంపలేదు. అది సగం గెలుపే అంటాను నేను. మిగతా సగం ఎవరూ లెక్కలో వెయ్యలేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ళ స్త్రీలలో దాదాపు 29 శాతం మందికి పద్దెనిమిదేళ్ళు నిండకముందే పెళ్ళయింది. దేశం సగటు 23 శాతం. అంటే పన్నెండు తాళ్ళ జట్టులో మూడు, నాలుగు తాళ్ళు. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం కింద మేజిస్ట్రేటు పెళ్ళిని ముందే ఆపుతూ ఉత్తర్వులివ్వవచ్చు, ఆ ఉత్తర్వును ధిక్కరించి చేసిన పెళ్ళి చెల్లదు. జరిగిపోయిన బాల్యవివాహాన్ని కూడా ఆ పిల్ల మేజరయ్యాక రెండేళ్ళలోపు కోర్టు ద్వారా రద్దు చేయించుకోవచ్చు. 1098 నంబరు ప్రతి జట్టు పిల్లకూ నోటికి వచ్చివుండాలి.

ఆట కూడా హక్కేనని మనవాళ్ళే చాలామంది నమ్మరు. తిండి, చదువు, ఆస్తి అయ్యాక చూద్దాంలే అంటారు. స్త్రీల పట్ల వివక్ష నిర్మూలనకు 1979లో ఐక్యరాజ్యసమితి చేసిన ఒడంబడికలో క్రీడల్లో, వ్యాయామవిద్యలో సమాన అవకాశం గురించి పదో అధికరణంలోనే రాశారు. మన ప్రభుత్వం 1993లో దాన్ని ఆమోదించింది. బాలల హక్కుల ఒడంబడిక ముప్ఫై ఒకటో అధికరణం ఆటను, విశ్రాంతిని హక్కులుగా చెబుతుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం వుండాలంటుంది. మీ మండలంలో ఎన్ని బళ్ళకు ఆటస్థలం వుందో, వున్నదాంట్లో సాయంత్రం నాలుగున్నర తర్వాత ఎవరు ఆడుతున్నారో ఒకసారి వెళ్ళి చూడండి. మగపిల్లల క్రికెట్టే కనిపిస్తుంది.

భద్రత పేరుతో ఆడపిల్లల్ని మాన్పించడం తేలిక. భద్రత కల్పించడం కష్టం. 2023లో పతకాలు తెచ్చిన మహిళా మల్లయోధులే ఢిల్లీ రోడ్డు మీద కూర్చోవలసి వచ్చింది. పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టంలో పనిచేసే చోటు అంటే క్రీడాసంస్థ, స్టేడియం, పోటీ జరిగే ప్రదేశం కూడా అని వుంది. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలకు 2012 నాటి పోక్సో చట్టం వుంది. నేర్పే మాస్టారు ఎంత మంచివాడైనా సరే, సాధన దగ్గర మనలో ఒకరు కూర్చోవాలి. చీకటి పడకముందే ముగించాలి. మరుగుదొడ్డి లేనిచోట సాధన పెట్టొద్దు. ఏం వేసుకుని ఆడాలో పిల్లలే తేల్చుకోవాలి. పావడా తట్టుకుని పడిపోతున్న పిల్లను పంజాబీ డ్రెస్సు వేసుకోనివ్వడానికి మనకు సంప్రదాయ చర్చ అక్కర్లేదు. నెలసరి రోజుల్లో కూర్చుంటానన్న పిల్లను ఆడమని బలవంతపెట్టొద్దు, ఆడతానన్న పిల్లను ఆపొద్దు.

వేగం సంగతి కూడా గుర్తుంచుకోవాలి. మన జట్లలో లోపలి వరసలో ఎవరుంటారో చూడండి. ఇంటి పని లేనివాళ్ళు, బడికి దగ్గరగా వుండేవాళ్ళు. రొయ్యల షెడ్డుకు వెళ్ళే తల్లికి బదులు వంట చేసి, తమ్ముణ్ణి చూసుకుని, చెరువు గట్ల మీద రెండు కిలోమీటర్లు నడిచి వచ్చే పిల్లది వెలుపలి దారి. ఆమె ఆలస్యంగా వస్తుంది, అడుగు తప్పుతుంది, మాస్టారు విసుక్కుంటాడు. నాలుగు రోజులకు "దానికి రాదు" అనే పేరు పడిపోతుంది. సాధన వేళను ఆమెకు వీలయ్యేటట్టు మార్చండి. మిగతావాళ్ళు కాసేపు నిలబడినచోటే అడుగులేస్తారు, నష్టం లేదు.

చివరగా హాజరుపుస్తకం. మన కేంద్రాల పుస్తకాలు చూశాను. రాకుండాపోయిన పిల్ల పేరు ఎదురుగా "మానేసింది" అని వుంటుంది. ఆ మాట రాయడం ఆపేద్దాం. ఎవరు మాన్పించారు, ఏ రోజు నుంచి, ఏ కారణం చెప్పారు, మనం ఆ ఇంటికి ఎప్పుడు వెళ్ళాం, ఎవరితో మాట్లాడాం అని అయిదు గళ్ళు గీసి రాయండి. వచ్చే సమావేశానికి ఆ పుస్తకాలు తీసుకురండి, ఒక్కో పేరూ చదువుదాం.