వేలికంటిన తీపి

వేదిక మీది పెద్దలకు పేరుపేరునా నమస్కారాలు చెబుతూ కూర్చుంటే ఆ స్నాతకోత్సవ గౌన్లలో ఉక్కపోసి మీరు నన్నే తిట్టుకుంటారు. అందుకని విషయంలోకి వస్తాను.

సౌదీలోని బురైదాలో చాలా ఏళ్లు బయోకెమిస్ట్రీ చెప్పాను. ఆగస్టు వస్తే ఆ ఊళ్లో ఎటు చూసినా ఖర్జూరమే. తెల్లారకముందే పికప్ బండ్లు బారులు తీరతాయి, సుక్కరీ రకం పెట్టెలకు వేలంపాట మొదలవుతుంది. మెత్తటి ఖర్జూరం పండేకొద్దీ అందులోని ఇన్వర్టేజ్ అనే ఎంజైము సుక్రోజును గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొడుతుంది. పరీక్షల్లో దీని మీద పేజీలు నింపినవాళ్లు మీలో ఎంతమంది లేరు!

ఆ మార్కెట్లో పండ్లు ఏరే నిజామాబాద్ ఆయన ఒకరు మా క్లినిక్‌కి వచ్చారు. షుగరు మీటరు 400 దాటింది. టెక్నీషియన్ కుర్రాడు స్పిరిట్ దూదితో వేలు తుడిచి మళ్లీ గుచ్చాడు. తగ్గలేదు. ఇన్సులిన్ మాట కూడా వచ్చేసింది. చేతులు సబ్బుతో కడిగించి, తుడిచి చూడమన్నాను. 118! స్ట్రిప్‌లోని ఎంజైముకు గ్లూకోజు తెలుసు గానీ, అది రక్తంలోదా, వేలికంటిన పండుదా అన్నది దానికేం పట్టింది? పట్టాల్సింది మనకు. ఆ కుర్రాడికి ఇన్వర్టేజ్‌లో మంచి మార్కులే వచ్చాయి నాయనా, అదీ నా బాధ.

ఇప్పుడు అన్నీ కిట్లే. చుక్క వేస్తే అంకె వస్తుంది. ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందని అడిగేవాడే కరువయ్యాడు.

ఒకప్పుడు అలా అడిగినవాళ్లూ ఉన్నారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. కండరం నుంచి తీసిన ద్రావణానికి ఆ పరీక్ష చేస్తే నీలిరంగు రావాల్సిన వేగంతో రాలేదు. మీరైతే రీఏజెంట్ పాడైందని సింకులో పోసేవారు. ఔనా, కాదా? వాళ్లు ఆ ఆలస్యం వెంటపడ్డారు. 1927లో, కండరంలో శక్తి నిల్వగా ఉండే ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. చక్కెర లాక్టిక్ ఆమ్లంగా మారడమే కండరాన్ని నేరుగా కదిలిస్తుందన్న అప్పటి నమ్మకం దాంతో కదిలిపోయింది. ఆ నమ్మకం వెనకున్న మేయర్‌హాఫ్, హిల్‌లకు అప్పటికే 1922 నోబెల్ వచ్చి ఉంది. మనవాడికి నోబెల్ రాలేదు. మనం మాత్రం ఆయన పేరును ప్రాక్టికల్ రికార్డులో శీర్షికగా రాసి వదిలేశాం.

అంకె ఎక్కడిదని అడగాల్సిన అవసరం మీకూ వస్తుంది. మీలో కొందరికి పాడేరులోనో, ఉట్నూరులోనో, గిరిజన ప్రాంతంలో ఉద్యోగం వస్తుంది. రాగానే బదిలీకి సిఫారసు వెతకకండి. అక్కడ సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లు కనిపిస్తారు. మామూలుగా 120 రోజులు బతికే ఎర్రకణం వాళ్లలో చాలా ముందే చనిపోతుంది. హిమోగ్లోబిన్‌కు చక్కెర అంటుకునే వ్యవధే తగ్గిపోతుంది కాబట్టి, షుగరు ఎక్కువున్నా హెచ్‌బీఏ1సీ పరీక్ష తక్కువ చూపించవచ్చు. రిపోర్టు కింద ఆ సంగతి ఒక్క వాక్యం రాయండి. డాక్టరు గారు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి, మళ్లీ రాయండి.