మన రిజిస్టరును ప్రశ్నలడుగుదాం
(స్వర్ణోత్సవ సన్నాహక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

డేటాబేస్ అనగానే కంగారుపడకండి. ఆఫీసు గదిలో మన అడ్మిషన్ రిజిస్టరు గుర్తుందిగా? వరుసకొక విద్యార్థి, నిలువు గడికొక వివరం. 1970లో ఐబీఎంలో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ చెప్పింది దాదాపు అదే: సమాచారాన్ని పట్టికల్లో పెట్టండి, ఎక్కడుందో వెతికే బాధ యంత్రానికి వదిలి, ఏం కావాలో మాత్రం అడగండి. 1974లో అదే సంస్థకు చెందిన చాంబర్లిన్, బాయిస్ ఆ అడిగే భాషను తయారుచేశారు. ఇవాళ ఎస్‌క్యూఎల్ అంటున్నది దాన్నే.

అడిగే తీరు ఇంతే: సెలెక్ట్ పేరు, ఫోన్ ఫ్రమ్ విద్యార్థులు వేర్ బ్యాచ్ = 1984. సెలెక్ట్ దగ్గర ఏ గడులు కావాలో, ఫ్రమ్ దగ్గర ఏ పట్టికో, వేర్ దగ్గర షరతు ఏమిటో చెబుతాం.

దీని బలం ఇల్లు కొన్నవాళ్లకు తెలుసు. ఒకప్పుడు ఈసీ కావాలంటే రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఏళ్లనాటి ఇండెక్సు పుస్తకాలు తిరగేయాల్సిందే. 1998 నవంబరులో ఉమ్మడి రాష్ట్రంలో ‘కార్డ్’ మొదలయ్యాక ఆ వెతుకులాట నిమిషాల పని అయింది.

ఇక మన పాతబస్తీ చిక్కు. ఒకరు గౌలిపుర అని, మరొకరు గౌలిపురా అని రాస్తారు. సమానం గుర్తు పెడితే యంత్రం ఒకరినే చూపిస్తుంది. లైక్ ‘గౌలిపుర%’ అంటే ఇద్దరూ వస్తారు. మహమ్మద్, మొహమ్మద్, ఎండీ అనే పేర్లకు మాత్రం ఆ చిట్కా చాలదు. మూడింటినీ ‘ఆర్’ పెట్టి అడగాల్సిందే.

అసలు ప్రమాదం ఖాళీ గడితో. గౌలిపుర వాళ్లను అడిగితే పేట గడి ఖాళీగా ఉన్న మనిషి రాడు. సరే. గౌలిపుర కానివాళ్లను అడిగినా రాడు! ఖాళీ అంటే యంత్రానికి ‘కాదు’ అని కాదు, ‘తెలియదు’ అని. రెండు జాబితాల్లోనూ లేడు కాబట్టి ఆహ్వానం పోదు. ఎవరూ కావాలని వదలకపోయినా, బడి తనను మరిచిందనే ఆయన అనుకుంటాడు. అందుకే ‘ఈజ్ నల్’ అని విడిగా అడగాలి. నన్నడిగితే కార్డులు పంచే పని అక్కడే మొదలుపెట్టాలి: వేర్ ఫోన్ ఈజ్ నల్. ఆ జాబితాను బ్యాచ్‌ల వారీగా విడదీసి మీకిస్తాను, తెలిసినవాళ్లు గుర్తుపట్టండి.

బయట బల్ల మీద ఫారాలున్నాయి. బడిలో పిలిచిన పేరు, ఇప్పుడు రాసుకుంటున్న పేరు రెండూ రాయండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన అక్కాచెల్లెళ్లు పాత ఇంటిపేరు తప్పక రాయాలి.