తోడు చెంచాడు, మేలు ఎంత?

మన పొందూరు ఊరి ఇళ్లలో రాత్రి గోరువెచ్చని పాలలో వేసే చెంచాడు తోడు, తెల్లారేసరికి కోట్లాది బ్యాక్టీరియా ఉన్న పెరుగవుతుంది. మరి ఆ పెరుగు ఒళ్లు తగ్గిస్తుందా? పేగుల్లోని సూక్ష్మజీవులకూ కొవ్వుకూ సంబంధం ఉన్న మాట నిజమే. 2006లో అమెరికా శాస్త్రవేత్తలు లావెక్కిన ఎలుకల పేగుల్లోని సూక్ష్మజీవులను, ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచిన ఎలుకలకు ఎక్కిస్తే వాటికి కొవ్వు ఎక్కువగా పట్టింది. 2010లో జపానులో 87 మందితో చేసిన పరీక్షలో, లాక్టోబాసిల్లస్ గాసెరీ అనే రకం బ్యాక్టీరియా కలిపిన పులియబెట్టిన పాలు 12 వారాలు తాగినవారికి పొట్ట లోపలి కొవ్వు 4.6 శాతం తగ్గింది.

అయితే అది ఏరి తీసిన ఒకే రకం. మన తోడులో ఇంటింటికీ వేరే రకాలుంటాయి కాబట్టి ఆ ఫలితాన్ని మన పెరుగు ముంతకు అంటగట్టడం తొందరపాటు. తాతలు గడ్డపెరుగు తిని సన్నగానే ఉన్నారు కదా అనవచ్చు. వాళ్లు పొలంలో, మగ్గం మీద ఒళ్లు వంచి పనిచేశారు. ఆ శ్రమను పెరుగు ఖాతాలో వేయకూడదు. అలాగని పెరుగే లావు చేస్తుందనడమూ సరికాదు. 2011లో వెలువడిన, లక్షా 20 వేల మంది అమెరికన్లను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో, పెరుగు ఎక్కువగా తిన్నవారి బరువు తక్కువగా పెరిగింది. వారి మిగతా మంచి అలవాట్లూ అందుకు కారణం కావచ్చు. అందుకే పెరుగు ఒళ్లు తగ్గిస్తుందని చెప్పలేను గానీ, చక్కెర వేసిన లస్సీ, సీసా పానీయాల బదులు వెన్న తీసిన పల్చటి మజ్జిగ తాగమని మాత్రం ధైర్యంగా చెప్పగలను.