శివారుకు చేరని సిగ్నల్



కృష్ణా డెల్టాలో ‘శివారు’ అంటే ఏమిటో మీకు చెప్పనక్కరలేదు. కాలువ నీరు చిట్టచివర చేరే పొలం అది. ఎద్దడి వచ్చిన ఏడు ముందుగా ఎండేదీ అదే. నేడు సెల్‌ఫోన్ సిగ్నల్‌కూ అటువంటి శివారు ఏర్పడినది.

2025 జూన్ 6న కేంద్రం ఉమీద్ పోర్టల్ ప్రారంభించి, వక్ఫ్ ఆస్తుల వివరాలన్నీ ఆరు నెలల్లో అందులో ఎక్కించాలని గడువు విధించింది. ఆ చట్టంపై మన అభ్యంతరాలు వేరే చర్చ. కానీ సిగ్నల్ కోసం కాలువ గట్టెక్కే ముతవల్లీకి ఆరు నెలలంటే ఎన్ని రోజులు? పిల్లల స్కాలర్‌షిప్పుకూ, రేషన్ కార్డు ఈ-కేవైసీకీ ఇదే గతి.

చందాదారులు తక్కువగా ఉన్న లంక గ్రామాలలో టవరు ఖర్చు తిరిగి రాదని కంపెనీల లెక్క. ఆ లోటు పూడ్చడానికే వాటి సవరించిన స్థూలాదాయంలో 5 శాతం ప్రభుత్వ నిధికి చేరుతున్నది. 2023 టెలికాం చట్టం దానికి డిజిటల్ భారత్ నిధి అని పేరు పెట్టింది. ఆ సొమ్ము మన రీఛార్జీలలోనిదే. తరంగాలూ మనవే: అవి ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో విడిగా తీర్పు రాసిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి తెలుగువారు.

మెక్సికోలో ఓహాకా కొండలలోని తలేయా గ్రామానికి పెద్ద కంపెనీలు రాలేదు. 2013లో గ్రామస్థులే, ఎవరైనా వాడుకొని మార్చుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో, సొంత సెల్ నెట్‌వర్క్ నెలకొల్పుకున్నారు. మన దేశంలో లైసెన్సు లేకుండా సెల్ తరంగాలు వాడరాదు. ఎవరూ ఆ సాహసం చేయవద్దు.

వైఫై దారి మాత్రం తెరిచే ఉన్నది. నిర్ణీత శక్తి పరిమితిలో 2.4, 5 గిగాహెర్ట్జ్ తరంగాలకు లైసెన్సు అక్కరలేదు. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం-వాణి పద్ధతిలో కిరాణా కొట్టు యజమాని సైతం లైసెన్సు, రుసుము లేకుండా పబ్లిక్ డేటా ఆఫీసు నడపవచ్చు. వైఫై కాలింగ్ సౌకర్యమున్న ఫోనుకు టవరు అందకున్నా మామూలు కాల్ కలుస్తుంది. కరెంటు స్తంభాల మీదుగా వచ్చిన ఫైబర్‌నెట్ తీగ ఎక్కడ ఆగిందో, అక్కడినుండి రెండు యాంటెన్నాలు, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నడిచే రౌటర్లు పక్క ఊరికి ఇంటర్నెట్‌ను మోసుకుపోగలవు.

అయితే ఆ యాంటెన్నాలు ఒకదానికొకటి కనబడాలి. డెల్టా నేల చదునే గాని, కొబ్బరితోపుల పచ్చి ఆకులు తరంగాన్ని మింగేస్తాయి. కనుక ఎత్తు కావాలి. పల్లెలో ఎత్తయినది మంచినీళ్ల ట్యాంకు. కొన్నిచోట్ల మన మసీదు మినారు. మినారుపై పెట్టినది మనవారికి మాత్రమే అందితే నేనొప్పుకోను. మత్స్యకారుల ఇళ్లకూ, దళితవాడకూ అందాలి. బ్యాటరీ, సోలార్ పలక కూడా ఉండాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు కరెంటు పోయి, ఈ నగరంలోనే ఫోన్లు మూగబోవడం మనం చూశాము.

మసీదు కమిటీలకు నా విన్నపం ఒక్కటే. ఏ వీధిలో ఏ కంపెనీ సిగ్నల్ అందుతున్నదో, ఏ వేళ పోతున్నదో నెల రోజులు ఒక నోటుపుస్తకంలో రాయండి. గ్రామసభ తీర్మానానికి దానిని జతచేసి కలెక్టరుగారికి అందజేయండి. నకలు మీ దగ్గర ఉంచుకొని, రసీదు తప్పక తీసుకోండి.