గొంతు ఎవరిది, కత్తెర ఎవరిది?

(నెల్లూరు తీర ప్రాంత స్త్రీలకు జరిగిన ఆడియో శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



రికార్డింగు, ఎడిటింగు అనగానే 'అది ఇంజనీర్ల పని కదా' అన్న జంకు మీలో చాలామందిలో కనిపించింది. ఆ జంకు ఊరికే పుట్టలేదు. పాట పాడటం, సాక్ష్యం చెప్పడం ఆడవాళ్ళ వంతు, అందులో ఏది ఉంచాలో ఏది తీసేయాలో నిర్ణయించడం మగవాళ్ళ వంతుగా సాగుతూ వచ్చింది.

మన జిల్లానే చూడండి. 1990ల మొదట్లో దూబగుంట స్త్రీల సారా వ్యతిరేక పోరాటం అక్షరాస్యతా వాచకంలో పాఠమైంది. అది చదివి ఎన్నో ఊళ్ళు కదిలాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. కానీ ఆ స్త్రీల మాటలు పరిశోధకుల కాగితాల మీదికి వచ్చేసరికి చాలాచోట్ల మర్యాదైన పుస్తక భాష అయిపోయాయి. జహీరాబాదు దగ్గర మాచునూరులో 2008 అక్టోబరు 15న మొదలైన సంఘం రేడియోలో మాత్రం మాట్లాడేదీ, మైకు పట్టేదీ, ఎడిట్ చేసేదీ ఆ చుట్టుపక్కల దళిత స్త్రీలే. జనరల్ నరసమ్మ, ఆల్గోల్ నరసమ్మల పేర్లు మీరు వినే ఉంటారు.

మన తీరంలో మొదటి శత్రువు గాలి. మైకుకి స్పాంజి తొడుగు వేయండి, పడవ చాటునో పాకలోనో కూర్చోండి. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకి ఉండాలి. ఆడాసిటీ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరు. అందులో మీటరు మైనస్ 12కీ మైనస్ 6కీ మధ్య ఆడితే చాలు. సున్నాను తాకి పగిలిన గొంతు మళ్ళీ మామూలు కాదు. ఎవరూ మాట్లాడకముందే అరనిమిషం వట్టి శబ్దం రికార్డు చేయండి. దాన్ని నమూనాగా చూపిస్తే ఫ్యాను మోత, ఇంజను రొద లాంటివి తగ్గుతాయి. ఉండుండి కొట్టే గాలి అలా పోదు. ఈ పరికరాన్ని అతిగా వాడితే మనిషి నీళ్ళలోంచి మాట్లాడినట్టుంటుంది.

ఇక అసలు విషయం. మొన్న ఒక పట్టపుపాలెంలో చేపలమ్మే ఒకావిడ తన సంసారం గురించి చెప్పింది. "ఆ రాత్రి తలుపేసినాడు" అని, తొమ్మిది సెకన్లు ఆగి, "అంతే" అంది. తెరమీద ఆ తొమ్మిది సెకన్లూ సన్నటి గీత. శిక్షణలో ఉన్న అమ్మాయి దాన్ని ఖాళీ అనుకుని కోసేసింది. వినిపిస్తే ఏమీ జరగనట్టే ఉంది! ఆవిడ హెడ్‌ఫోను తీసి, "ఏం పాపా, నేను ఆడ ఎందుకు ఆగినానో తెలీదా నీకు?" అంది. మౌనం తిరిగి పెట్టించింది. బావగారి పేరు మాత్రం తీయించింది, ఆ ఇంట్లోనే ఇంకా బతకాలి కాబట్టి. నా సోషియాలజీ చదువులో ఇంటర్వ్యూ ఎలా చేయాలో బోధించారుగానీ, మాట్లాడిన మనిషిని ఎడిటింగ్ బల్ల దగ్గర కూర్చోబెట్టమని ఎవరూ చెప్పలేదు.

అనుమతి మాట్లాడే ముందొకసారి, కోసిన తర్వాత ఇంకోసారి అడగాలి. రెండోసారి 'వద్దు' అంటే అది అక్కడితో ఆగిపోవాలి, మన నివేదిక ఎంత అవసరమైనదైనా సరే.

కోర్టుకు వెళ్ళవలసివస్తే? 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతోపాటు ధ్రువపత్రం ఇవ్వాలి. ఫైలు మారలేదని చూపే హాష్ విలువ అందులో రాయాలి. కాబట్టి అసలు ఫైలు ముట్టుకోవద్దు, నకలు మీదే పని చేయండి. ఒకే ఛానెల్ వేవ్ ఫైలు నిమిషానికి సుమారు 5 ఎంబీ, గంటకు 300 పైచిలుకు. 32 జీబీ పెన్‌డ్రైవులో దాదాపు వంద గంటలు పడతాయి. స్థలం లేదని అసలును చెరిపి ఎంపీ3 మిగుల్చుకోవద్దు. ఒక కాపీ సంస్థ దగ్గర, ఇంకొకటి ఊరి సంఘం పెట్టెలో ఉండాలి. తాళం సంఘానిదే.

మధ్యాహ్నం నుంచి కోయడం నేర్చుకుందాం. హెడ్‌ఫోన్లు ఆరే ఉన్నాయి, ఇద్దరిద్దరు కూర్చోండి. రాయడం రాని అక్కలు ముందు వరసలోకి రండి, మౌసు మొదట మీకే.