హార్మోనియము స్వరమును చక్కఁజేయుట



మన తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో పద్యనాటక మెఱుఁగని గ్రామ మరుదు. 1902లో బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావుగారు తెనాలి శ్రీరామవిలాస సభ నాటకములలో స్త్రీపాత్రలు ధరించి ఖ్యాతి గాంచిరి. అట్టి నటుల పద్యమునకు ఊతమైనది హార్మోనియము. నేఁ డా పెట్టె పెక్కు భజనమందిరములలో మూలఁబడి యున్నది. స్వరము కర్కశమైనదని దానిని త్రోసివేయుదురు. లోపమెక్కడనో తెలిసికొన్నచో దానిని తఱచుగా బాగుచేయవచ్చునని నా మనవి.

పాశ్చాత్యుల పియానోలో తీఁగెలను కొట్టు చిన్న సుత్తులకు ఉన్ని దట్టముగా తొడిగియుండును. వాడుకచే నా యున్ని గట్టిపడి స్వరము పరుషమగును. అప్పుడు పనివాఁడు సూదులతో గ్రుచ్చి దానిని వదులు చేయఁగా మరల మార్దవము కలుగును. హార్మోనియమున సుత్తులు లేవు. గాలికి కంపించు ఇత్తడి రీడే స్వరమునకు మూలము.

అయినను మొదట తిత్తిని పరీక్షింపుఁడు. తిత్తిని నింపి, మెట్టు నొక్కక యుంచినను గాలి శీఘ్రముగా పోవుచున్నచో ఎచ్చటనో రంధ్ర మున్నదని యర్థము. ఎలుక కొఱికినచోట మెత్తని తోలు నతికింపవలెను. పిమ్మట మెట్ల క్రింది తోలును చూడుఁడు. అది గట్టిపడినచో మెట్టు నొక్కకున్నను స్వరము సన్నగా మ్రోగుచుండును. రీడులో దుమ్ము చేరినచో జీరధ్వని పుట్టును. మెత్తని కుంచెతో దులిపినఁ జాలును. సముద్రపుతేమ గల మన గ్రామములలో వానకాలమున చెక్క యుబ్బి మెట్లు బిగియును. పెట్టెను పొడిచోట నుంచుఁడు. రీడులకు నూనె మాత్రము పూయరాదు. అది దుమ్మును పట్టి నిలుపును.

ఇఁక శ్రుతి. రీడు కొనను సన్నముగా గీఁకినచో శ్రుతి హెచ్చును. బిగించిన మొదటి వైపున గీఁకినచో తగ్గును. గీఁకిన లోహము తిరిగి రాదు. కావున నీ పని చేయితిరిగిన పనివానికే యప్పగింపవలెను. మేకుతో పొడిచి పాడుచేసిన రీడులను నేను పెక్కింటిని చూచితిని.

హార్మోనియము స్వరములు గమకములకు లొంగవని యాక్షేపించి 1940లో ఆలిండియా రేడియోవారు దానిని నిషేధించిరి; 1971లో ఆ నిషేధమును సడలించిరి. ఆ యాక్షేపణలో సత్యము లేకపోలేదు. కాని శ్రుతి చెడిన పెట్టెతో నిత్యము పాడు బాలుని చెవియు చెడును. ఆ దోషము వాద్యముది కాదు, మన యుపేక్షది. కావున పెద్దలారా, శ్రీరామనవమికి పందిరి వేయించుటకు ముందే మీ యూరి పెట్టెను తెఱపించి చూడుఁడు. పాడెడి పిల్లలకు మీరు చేయఁగల మేలు లలో నిది యొకటి.